ఏ స్టేజిల దిగుతవ్

మా గల్లీ చివరింటి కండక్టర్ కాక గత బుధవారం పొద్దున ఆస్పత్రిలో కన్నుమూశారు. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. హసన్‌పర్తిలో మా గల్లీ పిల్లలందరికీ ఆయన కండక్టర్ తాత. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఆ పిల్లలు నన్నే అడిగారు. ఎందుకు నన్నే అడిగారో తలచుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. అదీ చెబుతాను.

పోయినేడాది మా అమ్మాయి ఇంటర్‌లో చేరిన కొత్తలో పుస్తకం ముందు పెట్టుకుని గంటల కొద్దీ రీల్స్ చూసేది. నేను ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అది అన్నం మానేసింది. మా అరుపులు విని కాక మా గేటు దగ్గరికి వచ్చారు.

"గుంజుకుంటే ఏమొస్తది బిడ్డా? రేపు దోస్తు ఫోన్ల చూస్తది. ఎక్కుడు అందరికొస్తది, దిగుడే నేర్పాలె" అన్నారు.

అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏ స్టేజిల దిగుతవో నువ్వే చెప్పు" అని అడిగారు. అది బెట్టుగా "అర్ధగంట" అంది. ఆయన బేరమాడలేదు. బీరువాలోంచి ఫోను తీయించి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, సెట్టింగుల్లో వెతికి వెతికి, ఆ యాప్‌కు రోజుకు అర్ధగంట గడువు పెట్టారు. తన ఫోనులో పదిసార్లు తప్పులు చేసి నేర్చుకున్న విద్య అది. గడువు దాటాక తెరవాలంటే నాలుగంకెల నంబరు కావాలి. అది ఆయనకొక్కరికే తెలుసు. ఇంకాసేపు కావాలనుకుంటే ఆయన గేటు దాకా నడిచి వెళ్లి, ఎందుకో చెప్పాలి. చెబితే కాదనేవారు కాదు. కానీ ఆ నడకకు బద్ధకించే మా అమ్మాయి సగం రోజులు పుస్తకం తెరిచింది. తర్వాత గల్లీలో ఇంకో ఏడుగురు తమంతట తామే ఫోన్లు పట్టుకొచ్చారు. అన్నిటికీ ఒకటే నంబరు. ఎవరైనా చెప్పిన టైముకు ఫోను పక్కన పెడితే, ఇంటి ముందు నుంచి పోతూ "రైట్ రైట్" అని కేక వేసేవారు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయేవారు.

బిడ్డకు ఆదర్శంగా ఉంటానని నేనూ గొప్పగా నా ఫోనుకు గడువు పెట్టించుకున్నాను. చీరల వీడియోలు నా జబ్బు. మూడు రోజులు ఓపిక పట్టాను. నాలుగో రోజు, యాప్ మూసుకున్నా అవే వీడియోలు వెబ్‌సైటులో వస్తాయని కనిపెట్టాను. ఆ దొడ్డిదారి కాకకు తెలియదు.

"నడుస్తాందా బిడ్డా?" అని అడిగేవారు.

"మంచిగ నడుస్తాంది కాక" అనేదాన్ని.

ఆయన నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, "ఆ అత్తను చూడుండ్రి, ఏడాదాయె, ఒక్కపారి గూడ నా గేటుకు రాలె" అని పిల్లలకు చెప్పేవారు. నేను కొంగు సర్దుకుంటూ వినేదాన్ని.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆయన భార్య, మా చిన్నమ్మ, తిని రావడానికి ఇంటికి వెళితే ఆస్పత్రిలో మంచం పక్కన నేను కూర్చున్నాను. ఆయన సన్నటి గొంతుతో ఏదో చెబుతున్నారు. నా ఒళ్లో ఫోను. అందులో ఒకామె చీర మడత విప్పుతోంది, కొంగు ఎలా ఉందో చూడాలని నా తొందర.

"ఇన్నవా బిడ్డా?" అన్నారు.

"ఇన్న కాక" అన్నాను. ఆయన నిమ్మళంగా కళ్లు మూసుకున్నారు.

మూడో రోజు కర్మ అయ్యాక చిన్నమ్మ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది. "పిల్లల నంబరు నీకు చెప్పిన అన్నడు బిడ్డా. ఫోన్ మీద అదుపున్నది ఆమెకే, ఆమె కాడ్నే పదిలం అన్నడు. ఇగ నువ్వే చూసుకోవాలె" అంది. పిల్లలంతా నా వైపు చూశారు. నేను తలూపాను. నోటితో కాకపోయినా అదీ అబద్ధమే. ఈ నాలుగు మాటలు నన్నే రాయమన్నది అందుకే. పిల్లలూ, ఆ నంబరు నా దగ్గర లేదు. మీ ముఖాలు చూస్తూ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం అర్ధగంట అయిపోయి మా అమ్మాయి ఫోనులో ఆ యాప్ మూసుకుపోయింది.

"మమ్మీ, ఇంకో పది నిమిషాలు తియ్యవా? తాత రైట్ రైట్ అన్న వీడియో అండ్లనే ఉన్నది. మళ్లొకసారి చూస్త" అంది.

అంత సరైన కారణం అది కాకకు కూడా ఎప్పుడూ చెప్పి ఉండదు.

"నాకు తెల్వది బిడ్డా. తాత చెప్పేటప్పుడు నేను ఫోన్ చూస్తున్న" అన్నాను. వెబ్‌సైటు సంగతీ చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. అది చెప్పులేసుకుని, ఆ ఫోను చేత్తో పట్టుకుని, ఇదివరకు వెళ్లినట్టే గల్లీ చివరిదాకా నడిచింది. కాక గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత తలవంచుకుని వెనక్కి రావడం మా గుమ్మంలోంచి చూశాను.