జీపు టాపులో చప్పుడు

నిన్న ఎల్లారెడ్డి పోయే షేర్ ఆటోలో వాన జల్లు మొహాన కొడుతుంటే ఒదిగి కూర్చున్నాను. టాపు కింది ఇనుప కమ్మీ ఎక్కడో వదులై గతుకు వచ్చినప్పుడల్లా టక్కుమంటోంది. ఆటోలో ఎనిమిది మందిమి ఉన్నాం, ఒక్కరికీ పట్టలేదు. నాకు మాత్రం చెవిలో జోరీగ. పక్కనామె తన కోడలి ముచ్చట చెబుతుంటే ఊకొడుతూనే చెయ్యెత్తి కమ్మీని తడిమాను. మూడో బోల్టు. దాన్ని వేలితో అదిమి పట్టుకునే దిగేదాకా కూర్చున్నాను, చెయ్యి పీకింది. ఇది పోశెట్టి ఉస్తాద్ నాకు అంటించిన రోగం.

కామారెడ్డి బస్టాండు వెనక సందులో ఆయనకొక రేకుల దుకాణం ఉండేది. జీపులకు టాపులు, సీట్లు కుట్టేవాడు. రెండువేల తొమ్మిదిలో మా ఇల్లు కారుతుంటే కప్పు మీద పరిచే తాటిపత్రి గుడ్డ కుట్టించుకోవడానికి పోయాను. అప్పటికి పదిహేనేళ్లుగా బీడీలు చేస్తున్నాను, మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు. మిషను మీద దారం తెగితే, ఆయన కళ్లద్దాలు వెతుక్కునే లోపల నేను ముడేసి ఇచ్చాను. ఆయన ముడిని చూసి, నా వేళ్లను చూశాడు.

"బీడీలు చేస్తవా బిడ్డా?"

"చేస్త."

"ఇగ చాలు తియ్. రేపటి సంది ఇక్కడికి రా. నడుమైతే ఇక్కడ గూడ నొస్తది, గనీ దగ్గు రాదు."

మాట తప్పలేదు. దగ్గు తగ్గింది, నడుం మాత్రం ఇప్పటికీ నొప్పే.

కుట్టుపని ఆర్నెల్లలో వచ్చింది. అసలు పని అది కాదని తర్వాత తెలిసింది. పాత జీపుల్లో, ముఖ్యంగా టాపు వెనక్కి మడిచే వాటిలో, ఇనుప పైపుల చట్రం అరిగి కటకటలాడుతుంది. ఆ చప్పుడు ఎక్కడ పుట్టిందో కనిపెట్టడంలో ఆయన పేరు గాంధారి మండలం దాకా వినిపించేది. అన్ని కీళ్లకూ గుడ్డపేలికలు బిగించి కట్టేవాడు. జీపు గప్‌చుప్ అయ్యాక ఎల్లారెడ్డి రోడ్డెక్కించి, ఒకే వేగంతో తోలుతూ, మైలుకోసారి ఆపి ఒక్కో పేలిక విప్పేవాడు. "ముందుగాల అన్నిట్ని పండవెట్టాలె. ఎనుక ఒక్కొక్కదాన్ని లేపాలె. లేవంగనే మొత్తుకున్నదే దొంగ" అనేవాడు. ఆయన తోలాలి, నేను వెనక సీట్లో కూర్చుని వినాలి. ముసలాయన ఆడమనిషిని జీపెక్కించుకుని తిప్పుతున్నాడని సందులో గుసగుసలు పోయాయి. విననట్టే ఉన్నాం. ఒళ్లు హూనమయ్యే ఆ తిరుగుడేదో వాళ్లూ తిరిగి చూస్తే బాగుండేది.

మొదట్లో నేనొక ఘనకార్యం చేశాను. ఒక జీపు కీలు ఎంతకీ ఊరుకోకపోతే, ఇంటి నుంచి తునికాకు తెచ్చి మడతలు పెట్టి సందులో కుక్కాను. చప్పుడు ఠక్కున ఆగింది. గర్వంతో రెండ్రోజులు నేల మీద నడవలేదు. మొదటి వానకు ఆకు కుళ్లి, జీపు తిరిగొచ్చింది. ఉస్తాద్ కీలు విప్పి, నల్లటి ముద్ద చేతిలోకి తీసుకుని వాసన చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "జీపును గూడ బీడీ లెక్క చుట్టినవు గదనే!" ఆ తర్వాత సైకిల్ ట్యూబు కోసి రబ్బరు ఎట్లా పెట్టాలో చూపించాడు. ఎవరి ముందూ ఆ సంగతి ఎత్తి నన్ను చిన్నబుచ్చలేదు.

మూడేళ్లు గడిచాయి. ఆయన వినడం మానేసి, పైపు మీద అరచెయ్యి పెట్టి చూడడం మొదలుపెట్టాడు. అదేదో కొత్త నేర్పు అనుకున్నాను. ఒకరోజు వెనక నుంచి మూడుసార్లు పిలిచినా తిరగకపోతే సంగతి అర్థమైంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. నేనెవరికీ చెప్పలేదు. ఆయనా నాకు చెప్పలేదు.

ఆ ఏడాది వానాకాలంలో ఎల్లారెడ్డి ఊరి పటేల్ జీపు వచ్చింది. వరి కోత మిషన్లు తిప్పే ఆయనకు పాత వస్తువుల మీద ప్రేమ, ఆ మడత టాపు జీపంటే మరీను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద తిరిగాం. చివరి పేలిక విప్పి, కీళ్లు బిగించి దుకాణం ముందు ఆపాడు. పటేల్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"పోయింది పటేలా. ఏమంటవ్ బిడ్డా, పోయింది గదా?" అన్నాడు ఉస్తాద్.

పోలేదు. ముందద్దం చట్రాన్ని టాపుకు కలిపే పిన్ను దగ్గర సన్నగా చిటుక్కుమంటూనే ఉంది. నేను విన్నాను. పోలేదంటే ఆయన చెవుల సంగతి పటేల్ ముందు బయటపడుతుంది. ఆయన మొహం చూసి, "పోయింది" అన్నాను. జాలి పడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అందులో సగం నా అలసటే. ఇంకోసారి ఆ రోడ్డెక్కే ఓపిక లేదు, ఇంటికి పోయి పడుకోవాలనిపించింది.

నాలుగోరోజు పటేల్ వచ్చాడు. ఎదురుగాలికి పిన్ను లేచిపోయి టాపు వెనక్కి విరుచుకుపడిందట. వెనక కూర్చున్న వాళ్ల అమ్మకు పైపు తగిలి నుదురు చిట్లింది, కుట్లు పడ్డాయి. ఆయన అరిచినా బాగుండేది. నెమ్మదిగా చెప్పి, ఉస్తాద్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తప్పు నాది పటేలా" అన్నాడు ఉస్తాద్. నా వైపు చూడనైనా చూడలేదు.

పటేల్ పోయాక నేను మిషను ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

"పిన్ను సప్పుడు చెయ్యకుంటనే లేస్తదా?"

"లేవది."

"ఇన్నవు గదా?"

"ఇన్న ఉస్తాద్."

కత్తెర తీసుకుని పిడి రుద్దాడు. "నా చెవులు పోయినయి. గది నాకెర్కనే. నీ నోరు గూడ పోతే ఈ దుకాణంల ఇంకేం మిగుల్తది?"

తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని. మర్నాడు ఇద్దరం ఎల్లారెడ్డి పోయి పటేల్ వాళ్ల అమ్మ కాళ్లు మొక్కి, వాళ్ల వాకిట్లోనే పిన్ను మార్చి వచ్చాం. అప్పటి నుంచి ప్రతి జీపు దగ్గరా ఆయన మనుషులందరి ముందే, "ఉన్నదా, పోయిందా?" అని నన్ను అడిగేవాడు. ఉంటే ఉందనే చెప్పేదాన్ని. ఆయన మళ్లీ తాళంచెవి తీసుకునేవాడు. నిజం చెప్పడమంటే ఇంకోసారి ఆ రోడ్డంతా తిరగడమే. గొప్పగా ఏమీ ఉండేది కాదు, కాళ్లు వాచేవి.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదికి ఆయన చేతులు కూడా వణకసాగాయి. కుట్టు పక్కకు పోయేది. మధ్యాహ్నం ఆయన అన్నానికి పోయినప్పుడు నేను విప్పి మళ్లీ కుట్టేదాన్ని. కొడుకులు కామారెడ్డి పక్కనే ఉన్న రాజంపేటకు వచ్చి తమతో ఉండమంటున్నారు, పని మానమని మాత్రం ఎవరూ అనరు. "నీ అంత పనోడు ఏడున్నడు బాపూ" అనేవాళ్లు. ఒకరోజు నేను విప్పిన కుట్టు ఆయన కంట పడింది. దారం కొస పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కొడుకులు చెప్పరు. నువ్వు చెప్పు. నేనింక పనికొస్తనా?"

ఆయన కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి. ఈసారి ఎవరికీ దెబ్బ తగలదు కదా, ఒక్క అబద్ధానికి ఏం కొంప మునుగుతుంది అనిపించింది. 

"రావు ఉస్తాద్" అన్నాను.

ఆయన తలూపాడు. దారం చుట్టి డబ్బాలో పెట్టాడు. మర్నాడు దుకాణానికి రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. రాజంపేటలో ఇంకో రెండేళ్లు బతికాడు. నేను పోతే చాయ్ తాగించి, పని ఎట్లా నడుస్తోందని అడిగేవాడు, ఆ మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఆయనే నేర్పి, ఆయనే అడిగి చెప్పించుకున్నాడని నాకు తెలుసు. అయినా ఆయనను ఇంటికి పంపింది నా నోరే. ఇప్పుడూ జీపు తెచ్చినవాళ్లు "పోయిందా అక్కా?" అంటే, ఉంటే ఉందనే అంటాను. అన్న ప్రతిసారీ ముందు ఆయన మొహమే కనబడుతుంది.