దేవిడీ ఆఫీసులో ఫ్యాను కింది సీటు

మొన్న మా మేనకోడలు ఫోనులో కొన్ని ఫోటోలు చూపించింది. పాతబస్తీలో శాలిబండ దాటాక ఉన్న మా పాత ఆఫీసుకి కొత్తగా సున్నం వేసి, దీపాలు పెట్టి, వారసత్వ కట్టడమని బోర్డు తగిలించారు. ఎంత బాగుందో అత్తయ్యా అంది. నేను మాత్రం హాల్లో ఎడమ పక్క నేల కనిపిస్తుందేమోనని వెతికాను. కొత్త రాళ్లు పరిచేశారు.

ఒకప్పుడు ఎవరో నవాబుగారు కాపురమున్న దేవిడీ అది, తర్వాత సర్కారు చేతికొచ్చి ఆఫీసయింది. తొంభైల్లో గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి నేను గుమస్తాగా చేరేనాటికి పైన ఒకప్పుడు ఆడవాళ్లుండే జనానా గదుల నిండా ఎర్రగుడ్డ మూటల్లో ఫైళ్లే. ఏ కాగితమూ పారెయ్యకూడదన్నది మా ఆఫీసు ఆచారం. పారెయ్యమని సంతకం పెడితే రేపు ఎవరైనా అడుగుతారేమోనని ప్రతి అధికారికీ భయం, అందుకని ఏటా మార్చి కాగానే ఆ ఏటి మూటలన్నీ మా నెత్తిమీదికి ఎక్కించేవారు.

నా సీటు సరిగ్గా వాటి కింద, హాల్లో ఎడమ పక్క ఫ్యాను కింద. దూలం వంగుతోందని నేనే మొదట చూశాను. పొద్దున్నే బల్ల మీద చెక్కపొడి, ఫ్యాను తిరిగితే టీలో సున్నం పెళ్లలు. నోటితో చెప్పాను, రాసిచ్చాను, మళ్లీ రాసిచ్చాను. మా సూపరింటెండెంటు అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

“ఏందమ్మా, రోజూ గిదే లొల్లి? నవాబుల కాలం టేకు ఇది. మనమంతా రిటైరై పోయినా ఇది ఉంటది. అంత ఫికరైతే వరండాల కూసో.”

నేనేదో సుఖం కోరుకున్నట్టు, మర్నాడే నా బల్లని వరండాలో ఎండకీ బస్సుల పొగకీ వదిలేశారు. నా సీటు టైపిస్టుకి ఇచ్చారు. ఛత్రినాక నుంచి వచ్చే అమ్మాయి, పెళ్లయి ఏడాది తిరగలేదు, నన్ను వదినా అని పిలిచేది. అక్కడ కూర్చోవద్దని ఆమెకీ చెప్పాను. సారు చెప్పిన చోట కూర్చోకపోతే తననీ ఎండలో పడేస్తారంది.

“మస్తు గాలొస్తున్నది వదినా, నీ పుణ్యమే. బోనాలకు మా ఇంటికి రా, మనిద్దరం కూసొని సారును తిడుదం.”

ఆషాఢం మొదట్లో వాన వదలకుండా పడుతున్న ఒక మధ్యాహ్నం, భోజనాలయి మేమంతా ఇంకా చేతులు కడుక్కుంటుండగా, ఆమె ఒక్కతే ముందుగా వెళ్లి టైపు మిషను ముందు కూర్చుంది. పెద్ద చప్పుడేమీ కాలేదు. దూలం విరిగాక మూటలు మెత్తగా, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందరం చేతులతో తోడాం. ఎర్రగుడ్డల్లో ఏది ఆమె చీర కొంగో చాలాసేపు తెలియలేదు.

పాత భవనం, భారీ వర్షం అని విచారణలో తేల్చారు. ఫైళ్ల ఊసే లేదు. నేను చెప్పబోతే, పోయిన మనిషి గురించి ఇప్పుడెందుకమ్మా అన్నాడు సూపరింటెండెంటు. ఆయన రిటైరైన రోజు పూలదండలతో సభ జరిగింది. నేను వెళ్లలేదు.

ఇప్పుడు ఫైళ్లన్నీ కంప్యూటర్లలోకి పోయాయి, ఎవరి నెత్తిమీదా బరువు లేదు, మంచిదే. మా వయసు వాళ్లు కలిస్తే ఆ రోజులే బాగుండేవంటారు, ఒకే చోట కూర్చుని ఒకరి డబ్బాలో కూర ఒకరం తినేవాళ్లం కదా అని. నిజమే, నాకూ ఆ భోజనాలు కావాలనిపిస్తాయి. కానీ అంత కలిసి తిన్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు నా పక్కన నిలబడి, సార్, దూలం వంగిన మాట నిజమే అని అనలేదు.