గోడ మీద బొంత

మా గురమ్మ పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. అది చల్లారాలంటే చేతిలో సూది, ఒళ్లో పాతగుడ్డలు ఉండాల్సిందే. జోగయ్య పెదనాన్న రోడ్డు మేస్త్రీ. పొట్టంగి కొండదారిలో పని ముగిశాక కొరాపుట్‌లో కాపురం పెట్టారు. ఆ ఊరి చలికి బొంత లేకపోతే తెల్లవారదు. పెద్దమ్మ పాతచీరలు పొరలు పొరలుగా నేల మీద పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి, నడుమ కూర్చుని కుట్టుకుంటూ పోయేది. మిగతావాళ్లు వారగా నడవాలి. తీరా కుట్టినదాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. వేపాకు వేసి పెట్టెలో దాచి, అప్పుడప్పుడు తీసి చూసి మురిసిపోయేది. పెదనాన్న ఒకటి కప్పుకుంటానంటే, “నీకు కంబళుంది కదేటి?” అనేది.

ఒక్క బొంతను మాత్రం ఇవ్వడానికే కుట్టింది. రాయగడకు రైలు వచ్చిన కొత్త రోజులవి. అక్కడ కాపురమున్న కూతురు సూర్యావతి మూడోసారి పురిటికి పుట్టింటికి వచ్చింది. మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. ఈసారి పుట్టబోయే బిడ్డ ఊసెత్తితే చాలు, ఆ పిల్ల లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. బిడ్డ నిలవని ఇంట కొత్తగుడ్డ పనికిరాదనీ, పిల్లలు తిరిగే ఇళ్లలో అడుక్కొచ్చిన గుడ్డల మీద పడుకోబెడితే బిడ్డ దక్కుతుందనీ మావాళ్ల నమ్మకం. అడగడమంటే పెద్దమ్మకు తల తీసినంత పని. అయినా కొంగు పట్టి ఇల్లిల్లూ తిరిగింది. గుమస్తాగారి భార్య కమలాంబ అరుగు దిగకుండానే ఓ చీర ముక్క జారవిడిచింది. పెద్దమ్మ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదంటే మీరు నమ్మరు. నమ్మకండి, దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చింది.

బొంత పూర్తయింది. ఒకసారి ఎండ తగలాలని దాన్ని బుదురి చేతికిచ్చింది. బుదురి కొత్తగా పనిలో చేరిన పిల్ల, దసమంతపూర్ దారిలోని ఒక పల్లె నుంచి వచ్చింది. ‘మీద’, ‘కింద’ లాంటి నాలుగు ముక్కలు తప్ప దానికి తెలుగు రాదు. పెద్దమ్మకు వచ్చిన ఒడియా సంతలో బేరానికే సరిపోతుంది.

“గోడ మీద ఎయ్యే,” అని చెప్పి పెద్దమ్మ పెరట్లో కట్టెలు పేర్చడానికి వెళ్లింది.

సాయంత్రం చూస్తే గోడ మీద బొంత లేదు. గోడకు అవతల కూడా లేదు.

“బొంతేదే?”

“గోడొ ఉపరె,” అంది బుదురి నవ్వుతూ. ఉపరె అంటే మీద అని పెద్దమ్మకు తెలుసు.

“గోడ మీద నేదే!”

“గోడొ ఉపరె దెలి, మా!” వేశాననే అంటోంది.

పెద్దమ్మ దాన్ని చెయ్యి పట్టి లాక్కెళ్లి గోడను చరిచి చూపించింది. బుదురి గోడనూ చూసింది, పెద్దమ్మనూ చూసింది. ఈవిడకు ఉన్నట్టుండి ఏమైందో దానికి అంతుపట్టలేదు. ఇంతలో పెదనాన్న వచ్చాడు.

“ఉండవే, నానడుగుతాను. నాకు ఒడియా రాదనుకున్నావేటి?” అని చాలాసేపు ఏదేదో అడిగి, చివరికి తేల్చేశాడు. “దొంగోడు గోడ దూకీసేడట.”

పెద్దమ్మ ఆ దొంగ వంశాన్నంతా తిట్టిపోసి, సగంలో ఆగింది.

“దొంగొస్తే ఇది నవ్వుతాదేటి?”

పెదనాన్నకు వచ్చిన ఒడియాలో రాయి, తట్ట, గునపం ఉన్నాయి గానీ అంతకుమించి లేవు. బుదురికీ విసుగెత్తింది. వంగి తన పిక్క మీద చరుచుకుని, “గోడొ! గోడొ!” అని అరిచింది.

ఇద్దరూ ఆ కాలి వంక చూస్తూ ఉండిపోయారు. ఒడియాలో గోడొ అంటే కాలు.

ఆ తర్వాత సైగలతో అసలు సంగతి బయటపడింది. పొద్దున బుదురి ఊరి మనిషి ఒకావిడ, చంటిబిడ్డతో సంత నుంచి తిరిగి వెళ్తూ, చలిజ్వరంతో వణుకుతూ అరుగు మీద కూర్చుంది. యజమానురాలు బొంత ఇచ్చి కాళ్ల మీద వెయ్యమంది కదా అని బుదురి ఆవిడ కాళ్లకు కప్పింది. ఊరి బండి రాగానే ఆవిడ బొంతతో సహా ఎక్కి వెళ్లిపోయింది.

పెద్దమ్మకు కోపం రావాలి, రాలేదు. అంతా అయోమయమైపోయింది. ఇచ్చినది తిరిగి అడగకూడదు. ఇంతకీ తను ఇచ్చిందా? ఇవ్వలేదు. కానీ మాట తన నోటిదే. అడుక్కొచ్చినది ఇంకొకరికి పోతే కూతురి కడుపుకు మంచిదా, చెడ్డదా? ఎవరిని అడగాలో తోచలేదు. గుమ్మంలో నిలబడి అంతా విన్న సూర్యావతి, “పోనీయే అమ్మా. తొంగోబెట్టడానికి బిడ్డుంటే కదా,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటకు పెద్దమ్మ రాత్రంతా ఏడ్చింది. తెల్లవారగానే పెట్టె తెరిచి, అన్నిటికన్నా మందపాటి బొంత తీసి చంకన పెట్టుకుని, బుదురిని వెంటబెట్టుకుని దాని ఊరికి బయలుదేరింది. ఏం అడగాలో దారంతా అనుకుంది. తీరా ఆ గుడిసె ముందు నిలబడేసరికి ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.

జ్వరం మనిషి గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డ బొంత మీద నిద్రపోతోంది. నిద్రపోయే బిడ్డ కింది నుంచి గుడ్డ లాగడానికి ఏ ఆడదానికి చేతులొస్తాయి? పెద్దమ్మ కూర్చుండిపోయింది. కాసేపటికి బిడ్డ లేచింది, లేస్తూనే బొంత తడిపేసింది. తల్లి సిగ్గుపడిపోయి, బిడ్డను పక్కకు తీసి, బొంత పట్టుకుని వాగు వైపు నడిచింది.

“ఉతక్కే! ఉతక్కు!” అంటూ పెద్దమ్మ ఎదురెళ్లి రెండో కొస పట్టుకుంది. ఆవిడకు తెలుగు అర్థం కాలేదు. ఆవిడ అటు లాగింది, ఈవిడ ఇటు లాగింది. ఉన్నట్టుండి పెద్దమ్మ చేతిలో కొస వదిలేసింది. ఎవరికీ తలవంచని మనిషి ఆ వాకిట్లో కొంగు చాపి నిలబడింది.

ఉచ్చతో తడిసిన గుడ్డ కోసం ఈ పెద్దావిడ ఎందుకు అడుక్కుంటోందో ఆ తల్లికి తెలియలేదు. తెలియకపోయినా కొంగులో వేసింది. పెద్దమ్మ తను తెచ్చిన మందపాటి బొంతను ఆవిడ భుజాల చుట్టూ కప్పి, వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చి దాన్ని కూతురి ఒళ్లో పెట్టింది.

“ఏటమ్మా, ఉచ్చకంపు కొడతంది?”

“బతికున్న బిడ్డ కంపే, అమ్మీ.”

ముక్కు మూసుకోబోయిన సూర్యావతి చెయ్యి దించేసింది. బొంతను పొట్ట మీదికి లాక్కుని చాలాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తలెత్తకుండానే అడిగింది.

“ఏటి పేరెడదామే అమ్మా?”