నా పేరు మీద ఆడిన అక్క

జగిత్యాల గ్రౌండ్ల కొత్తగ కట్టిన పెవిలియన్ గోడ మీద పాత కబడ్డీ ఆటగాళ్ల ఫొటోలు పెట్టాలని నిరుడు అనుకున్నరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు దిక్కుల నుంచి తొమ్మిదిమందిని ఏరాలె. ఆట బందుపెట్టి పదేండ్లు దాటినోళ్లే ఉండాలె. ఏరెటందుకు ఒక కమిటీ ఏసిండ్రు. అండ్ల ఆరుగురు మొగోళ్లు, నేను ఒక్కదాన్ని. నేను కోరుట్లల సర్కారు బడిల పీఈటీగ చేసి రిటైరైన. "మేడం, ఒక లేడీ ఉండాలె గదా, మీరు రాండ్రి" అని ఫోన్ చేసిండ్రు. గా మాట ఇన్నప్పుడే రానని చెప్పాల్సింది. చెప్పలే.

బస్టాండు దగ్గర ఒక చాయ్ హోటల్ మీది అంతస్తు అర్రల ప్రతి ఆదివారం పొద్దుగాల కూసునేటోళ్లం. బ్యాంకుల మేనేజరుగ చేసి దిగిపోయిన ఒక సారు మాకు పెద్ద. ఆయన ఎన్నడూ బరిల దిగినోడు కాదు గని, ఆటంటె పానమిస్తడు. ముంగట ఒక రిజిస్టరు పెట్టుకొని ఎవరు ఏం మాట్లాడినా రాసేటోడు. ఇంకొకాయన పాత రెఫరీ, సన్నగ, ముక్కుసూటి మనిషి. మరొకాయన మా దిక్కు పేరున్న రైడర్. ఇరవై ఏండ్లు దుబాయిల చేసి వచ్చిండు, అందరు దుబాయన్న అంటరు. మిగిలిన ముగ్గురు బ్యాంకు సారు ఎటంటె అటు తలూపేటోళ్లు.

మొదటి పేరుకు పంచాదే లేదు. పోలీసుల చేసి నేషనల్ ఆడిన మనిషి. రెండో పేరు దుబాయన్నది. "నా ముచ్చట మాట్లాడెటప్పుడు నేనుండుడు న్యాయం గాదు" అని ఆయన బయట మెట్ల మీదికి పోయిండు. పోయిండు గని చెవి ఈడనే ఉన్నది.

"ఆటగాడు మంచోడే. గని పొద్దుగాల ఒక ఊరికి ఆడెటోడు, పొద్దుమీకి ఇంకొక ఊరికి ఆడెటోడు. ఏ ఊరి ఆటగాడని రాస్తరు?" అన్నడు రెఫరీ.

"గప్పుడు అందరు గట్లనే ఆడిండ్రు" అన్నడు బ్యాంకు సారు.

"మల్యాల ఫైనల్ చెప్పుండ్రి!" అని మెట్ల మీదికెల్లి కేక. "ఆరుగురు మీద పడితె లైన్ ముట్టిన!"

అందరం నవ్వినం. పేరు రాసుకున్నరు.

మూడో పేరు కాడ గంట కొట్లాట. పట్టు పడితె ఇడువని క్యాచర్ ఆయన. గని ఒక మ్యాచ్ల కోపానికొచ్చి రెఫరీని గుద్దిండు. గా రెఫరీ మా ముంగట కూసున్న ఈ సారే. "అసొంటోని ఫొటో పెడితె పిల్లలు ఏం నేర్చుకుంటరు?" అని ఒకాయన అన్నడు. రెఫరీ సారు పెదవి లేపి పెట్టుడు పన్ను చూపెట్టిండు. "ఇది ఆయన చలవనే. అయినా చెప్తున్న, అసొంటి పట్టు నేను మల్ల చూడలే. రాయుండ్రి" అన్నడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆటను ఆట లెక్క చూసే మనిషి ఒక్కడన్న ఉన్నడనుకున్న.

మూడు ఆదివారాలల్ల ఎనిమిది పేర్లైనయ్. అన్ని మొగోళ్లయే. నేను అడిగిన, "ఆడపిల్లలు ఆడలేదా సారూ?"

"ఆడిండ్రు మేడం, ఎవరు కాదన్నరు? మీరే చెప్పుండ్రి ఒక పేరు" అన్నడు బ్యాంకు సారు.

చెప్పిన. నా చిన్నప్పుడు కబడ్డీ ఆడిన సిరిసిల్ల అక్క పేరు చెప్పిన. "రైట్ కార్నర్ ఆడేది. కూతకొచ్చిన పిల్ల చీలమండ పట్టిందంటె ఇక అంతే" అన్న.

"స్టేట్ ఆడిందా? సర్టిఫికెట్ ఏమన్న ఉన్నదా?"

"అడిగి చెప్త" అన్న.

అడిగేది ఏం లేదు. గా సర్టిఫికెట్ మా ఇంట్లనే, బీరువల ఉన్నది. దాని మీద ఉన్నది నా పేరు.

నేను తొమ్మిది చదివేటప్పుడు స్టేట్ పోటీలకు పోయే ఉమ్మడి జిల్లా బడిపిల్లల టీంల సెలెక్ట్ అయిన. జగిత్యాలల క్యాంపు పెట్టిండ్రు. నాలుగు రోజులకే నాకు టైఫాయిడ్ పట్టింది. మా నాయిన వచ్చి ఇంటికి తీస్కపోయిండు. టీంల ఒకరు తక్కువైండ్రు. మమ్ముల తయారు చేసే సారుకు సిరిసిల్ల అక్క ఎరుకనే. ఊరి టోర్నమెంట్లల్ల ఆమె ఆట చూసిండు. నాకంటె ఒక యేడు పెద్దది. ఏడో తరగతిల బడి మానిపిచ్చి ఇంట్ల కండెలు చుట్టుడుకు కూసోపెట్టిండ్రు. మగ్గంల అటు ఇటు ఉరికే నాడెల పెట్టే చిన్న కండెలకు దారం చుట్టుడు పొద్దంత ఆమె పని. బడిల పేరు లేని పిల్ల బడి టీంల ఆడరాదు. సారు ఆమెను నా పేరు మీద తీస్కపోయిండు. గప్పుడు ఫొటోలు పట్టి పట్టి చూసేటోళ్లు లేరు.

టీం ఫైనల్ దాక పోయింది. అక్క పట్టిన పట్లు మా టీం పిల్లలు వచ్చి కథలు కథలుగ చెప్పిండ్రు. సర్టిఫికెట్ మాత్రం నా చేతికొచ్చింది. "పేరు నీదే గదా, ఉంచుకో. ఆ పిల్లకేం పని?" అన్నడు సారు. నేను ఉంచుకున్న. పీఈటీ ట్రైనింగ్ సీటుకు పోయినప్పుడు ఆ కాగితమే బలమైంది. మిగిలిన అర్హతలు నాకున్నయ్, ఆట కూడ వచ్చు. ఇన్నేండ్లు గట్లనే సముదాయించుకున్న.

ఆ వారమే వేములవాడ మీదికెల్లి సిరిసిల్లకు పోయిన. కరెంటు మగ్గాలు నడిచే సాంచాల షెడ్ల మధ్యల అడుగుకొకరిని అడుగుకుంట ఇల్లు దొరకబట్టిన. రేకుల కింద మోటరు మిషను మీద కండెలు చుట్టుకుంట కుర్చీల కూసోనున్నది. మోకాళ్లు వాచినయ్. నన్ను గుర్తుపట్టలే.

"నేను అక్కా. కోరుట్ల. నువ్వు నా పేరు మీద ఆడినవ్ చూడు..."

"ఓ, టైఫాయిడ్ పిల్లవా!" అని పెద్దగ నవ్వింది. పక్క షెడ్ల సాంచాల చప్పుడుకు గట్టిగ మాట్లాడుకున్నం. "నాలుగు రోజులు మైకుల నీ పేరు పిలిస్తె నేను లేసిన. ఇంటికచ్చినంక మా అమ్మ నా పేరు పెట్టి పిలిస్తె పలకలే. పొగరెక్కిందని కొట్టింది."

నేను కూడ నవ్విన. నవ్వుకుంటనే అసలు ముచ్చట చెప్పిన. గోడ ముచ్చట, ఆ కాగితం ముచ్చట, నా సీటు ముచ్చట.

ఆమె మిషను బందు చేసింది.

"గా కాగితం తోని నౌకరి వచ్చిందా నీకు?"

"సీటు వచ్చింది. సీటు తోని నౌకరి."

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న వచ్చి చెప్పకపోతివి గదనే."

తిడుతదనుకున్న. పైసలేమన్న అడుగుతదేమో, అడిగితె బాగుండు అని కూడ అనుకున్న. ఆమె అవేవీ అనలే. "రాయించు" అన్నది. "నా పేరే, నాదే, పెద్ద అక్షరాలల్ల రాయించు. నేను స్టేట్ ఆడిన్నంటె మా కోడలు నమ్మదు, నవ్వుతది." ఫొటో కావాలన్న. ఆడిన రోజులయి ఒక్కటి లేదు. లోపటికి పోయి మంచి చీర కట్టుకొని, తల దువ్వుకొని వచ్చి నిలబడ్డది. ఫోన్ల తీసిన.

మల్ల ఆదివారం నేను నోరు తెరువకముందే బ్యాంకు సారు అన్నడు, "మేడం, మేమంత ఆలోచన చేసినం. లేడీస్ కోటాల మీ పేరే పెడుదాం. కమిటీల ఉన్నరని సంకోచపడకుండ్రి, దుబాయన్నది పెట్టలేదా? మీకు స్టేట్ సర్టిఫికెట్ ఉన్నదని మీ బడోళ్లు చెప్పిండ్రు."

అందరు చప్పట్లు కొట్టిండ్రు. గా చప్పట్లకు నా ఒళ్లంత మండింది.

"గా స్టేట్ నేను ఆడలే" అన్న. మొత్తం చెప్పిన. టైఫాయిడ్ కాన్నుంచి సీటు దాక, ఏదీ దాచలే.

బ్యాంకు సారు ముందుగాల పెన్ను మూత పెట్టిండు. "ఇది రిజిస్టర్ల రాస్తలేను మేడం. మీ మంచికే చెప్తున్న. పింఛను తీసుకునే మనిషి గిసొంటియి బయట మాట్లాడద్దు."

"రాయుండ్రి సారూ. నా పేరు తీసేసి ఆమె పేరు రాయుండ్రి."

"ఎట్ల రాస్త? ఆమె ఆడిందనెటందుకు రుజువేది?"

"నేను చెప్తున్న గదా! రుజువు నేనే."

"మీరే దొంగ సర్టిఫికెట్ అంటున్నరు, మల్ల మీరే రుజువంటున్నరు."

రెఫరీ సారు దిక్కు చూసిన. ఈయనన్న న్యాయం చెప్తడనుకున్న. "మీరు గా స్టేట్ పోటీలకు పోయిండ్రు గదా సారూ. రైట్ కార్నర్ పిల్ల యాదికున్నదా?"

"యాదికున్నది" అన్నడు. "మంచి ఆట. గని మేడం, దొంగపేరు మీద ఆడినోళ్లను గోడకెక్కిస్తె రేపు మనమే తప్పు నేర్పినట్టు."

"మీ పన్ను ఊడగొట్టినోన్ని ఎక్కిచ్చిండ్రు గదా!"

"గది ఆవేశం. ఇది మోసం."

"ఎవలు చేసిండ్రు మోసం? పద్నాలుగు పదిహేనేండ్ల పిల్ల చేసిందా? తీస్కపోయిన సారు చేసిండు. కాగితం వాడుకున్న నేను చేసిన. ఆమె ఏం చేసింది? ఆడింది!"

నా గొంతు కింది హోటల్ దాక ఇనబడ్డదట. చాయ్ తెచ్చినాయన గడపల్నే ఆగిపోయిండు. బ్యాంకు సారు "సరే, చేతులెత్తుండ్రి" అన్నడు. నాది లేసింది. ఇంకొకటి లేసింది, దుబాయన్నది.

"నేను ఎన్ని పేర్ల మీద ఆడిన్నో నాకే లెక్క తెల్వది" అన్నడాయన. "ఆమెది తప్పైతె నాది కూడ తీసేయుండ్రి."

ఎవరు తీసెయ్యలే. ఐదుగురు చేతులు కట్టుకొని కూసున్నరు. తొమ్మిదో పేరు జగిత్యాల మనిషి ఒకాయనది రాసుకున్నరు. ఆయన మంచి ఆటగాడే, ఆయన మీద నాకు కోపం లేదు. "లేడీస్ ముచ్చట ఇంకొకసారి చూద్దాం" అని రిజిస్టరు మూసిండు సారు. ఆ 'ఇంకొకసారి' ఎప్పుడని అడిగిన. "చూద్దాం మేడం" అన్నడు.

గోడ మీద ఫొటోలు పెట్టిన రోజు నేను పోలే. దుబాయన్న కూడ పోలేదట. ఆయన ఫొటో అయితె ఉన్నది.

పేరు రాలేదని ఫోన్ల చెప్తె అయిపోవు. గని గా మాత్రం సిగ్గన్న ఉండాలనుకొని మల్ల సిరిసిల్లకే పోయిన. కోడలు తలుపు తీసింది. అక్క నా చేతులు చూసింది, ఏమన్న తెచ్చిన్నేమో అని. "ఫొటో ఎక్కడ పెట్టిండ్రు? నడుమనా, అంచుకా?" అన్నది.

"పెట్టలే అక్కా."

మొత్తం ఇన్నది. ఎవరు చేతులెత్తిండ్రు, ఎవరు ఎత్తలే అని అడిగింది. రెఫరీ సారు మాట చెప్పినప్పుడు పండ్లు కొరికింది. కోడలు చాయ్ పెడ్త అని లోపటికి పోయింది.

"నువ్వు ముందుగాల రాకపోయినా బాగుండు" అన్నది అక్క. "నేను మర్చిపోయి ఉంటిని. నువ్వచ్చి యాదికి తెచ్చినవ్. ఈ నెల రోజులు ఎవరెదురైనా చెప్పుకున్న, నా ఫొటో పెడుతున్నరని. ఇప్పుడు వాళ్లకేం చెప్పాలె?"

"తప్పంత నాదే అక్కా. డీఈవో ఆఫీసుకు రాసిస్త. ఆడింది నువ్వేనని కాగితం మీద రాసి సంతకం పెడ్త."

"పెడ్తవా?"

"పెడ్త" అన్న.

ఆమె నా ముఖం చూసి మిషను స్విచ్చేసింది. దారం తిరుగుడు మొదలైంది. ఇక నా దిక్కు చూడలే. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి లేసిన.

ఇంటికొచ్చి తెల్లకాగితం ముంగట పెట్టుకొని కూసున్న. "అయ్యా" అని రాసి ఆగిపోయిన. పింఛను ఆగితె అన్న భయం ఒక దిక్కు, ముచ్చట ఇన్న నా కొడుకు "ఇప్పుడెందుకమ్మా గివన్ని" అన్న మాట ఇంకొక దిక్కు. నాలుగుసార్లు రాసిన, నాలుగుసార్లు చింపిన. కమిటీల ఐదుగురిని నోటికొచ్చినట్టు తిట్టుకున్న గని, వాళ్లు ఎత్తని చెయ్యికీ నేను పెట్టని సంతకానికీ తేడా ఏందో నాకు ఇప్పటికీ సమజైతలేదు.