తలుపు వెనక రత్నమాల

1999లో రత్నమాలకు క్షయ అని తేలింది. భీమవరం నుంచి వచ్చి, మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, కొండాపూర్‌లో కిష్టమ్మ ఇంటి వెనక గదిలో ఒక్కతే అద్దెకుండేది. ఆఫీసులో టైఫాయిడ్ అని చెప్పి సెలవు పెట్టింది. ఊళ్లో ఉన్న అక్కకి అదీ చెప్పలేదు. తెలిస్తే ఆవిడ హడలిపోతుంది.

కిష్టమ్మ దగ్గర మాత్రం దాగలేదు. ఒక పొద్దున ఆవిడ గుమ్మానికి అవతలే నిలబడి చెప్పింది.

"బిడ్డా, నిన్ను పొమ్మంట లేను. గానీ ఇంట్ల పసిపిల్ల ఉన్నది. నల్లా కాడికి రాకు. నీళ్లు నేనే పట్టి పెడత."

"అలాగేనండి" అంది రత్నమాల.

మొదట్లో పట్టుదలగానే ఉంది. పరగడుపున మాత్రలు, వేన్నీళ్ల స్నానం, నూనె రాసి జడ, ఉతికిన చీర. తయారై మెట్ల మీద ఎండలో కూర్చునేది.

"యాడికి పోతున్నవ్?" అని కిష్టమ్మ దూరం నుంచే అడిగేది.

"ఎక్కడికీ కాదండి."

మాత్రలకు కడుపులో తిప్పడం మొదలయ్యాక ఒకరోజు స్నానం మానేసింది. ఎవరు చూడొచ్చారులే అని మర్నాడూ మానేసింది. ఆ తర్వాత మంచం, అదే నైటీ. వాకిట్లో బకెట్ నిండుగా అలాగే ఉండిపోయేది. మాత్రలూ తప్పసాగాయి.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది.

"రత్నమాల గారూ! నేనండీ, ఆఫీసు నుంచి రోహిత్‌ని."

గబుక్కున లేచి గడియ మీద చెయ్యి వేసింది. తన ఒంటి వాసన తనకే కొట్టింది. జుట్టు అట్టకట్టి మెడకు అంటుకుపోయి ఉంది. దగ్గు వస్తుంటే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. అతను ఇంకోసారి పిలిచి, గుమ్మంలో ఏదో పెట్టి వెళ్లిపోయాడు. స్కూటర్ చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆమె కదల్లేదు.

తలుపు తీస్తే బత్తాయిల సంచి. దాంతోపాటు బకెట్టూ లోపలికి తెచ్చుకుని తలస్నానం చేసింది. చిక్కులు ఎంతకీ వీడకపోతే కత్తెర తీసుకుని జుట్టు మెడ దాకా కత్తిరించేసింది. తర్వాత మంచం మీద కూర్చుని ఒక బత్తాయి ఒలుచుకు తింది. అప్పుడొచ్చింది ఏడుపు.

మాత్రలు తప్పాయని చెబితే డాక్టరు గట్టిగా చివాట్లు పెట్టాడు. ఆనాటి నుంచి మానలేదు. నిలబడలేని రోజు పీట మీద కూర్చుని స్నానం చేసింది. సహించకపోయినా రెండు ముద్దలు తింది. బాగుపడతానన్న నమ్మకం కుదిరి కాదు, ఎవరైనా తలుపు కొడితే తీయగలిగేలా ఉండాలని. మళ్లీ ఎవరూ కొట్టలేదు.

నెలలు గడిచాక డాక్టరు ఇక భయం లేదన్నాడు. ఆఫీసుకి వెళ్తే ఆమె సీట్లో ఇంకెవరో ఉన్నారు, ఆమెకు వేరే సీటు చూపించారు. రోహిత్ బెంగళూరు వెళ్లిపోయాడట. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఓ మూల బల్ల దగ్గర కూర్చుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె క్యారేజీతో వచ్చి నిలబడింది.

"ఇక్కడ ఎవరైనా వస్తారా అండీ?"

రత్నమాల అలవాటుగా కుర్చీ వెనక్కి జరుపుకుంది. మళ్లీ ముందుకు జరుపుకుని, "ఎవరూ రారు, కూర్చోండి" అంది.