మూడు చుక్కల మగ్గం నూనె

ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఏ పెళ్లయినా, పురుడైనా నా గడియారం కథ చెప్పుకుని నవ్వుతారు గానీ, అసలేం జరిగిందని నన్ను ఒక్కరూ అడగలేదు. అడగనందుకే, ఓపిక లేకపోయినా రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా నేతవాళ్ల ఇళ్లలో నూనెతో బాగుపడని వస్తువు లేదని నమ్మకం. మరమగ్గం కిర్రుమన్నా, తలుపు మొరాయించినా నూనె డబ్బాయే వైద్యం. ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగ్ మిల్లువాళ్లు గుమాస్తా పనికి నన్ను పగలు పన్నెండు లోపల రమ్మన్నారు. మగ్గం నుంచి తప్పించుకోవడానికి నాకున్న దారి అదొక్కటే. మా బాపు తన చేతికున్న కీ గడియారం కొడుక్కి ఇచ్చాడు. అది రోజుకు పది నిమిషాలు వెనకబడేది. మా అక్క మొగుడు, అంటే బావ, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "లోపల రాపిడి ఉన్నది బామ్మర్ది. జర మగ్గం నూనె పొయ్యి, ఉరుకుతది" అన్నాడు. బయల్దేరే ముందు రాత్రి వెనక మూత తీసి రెండు చుక్కలు పోశాను. (మూడోది డబ్బా ఎక్కువ వంగి పడింది. దానికి బావ బాధ్యుడు కాడు, ఒప్పుకుంటాను.)

నిజంగానే ఉరికింది. తెల్లవారి ఐదింటికి కరీంనగర్ బస్టాండు గోడ గడియారం చూసి సరిచేసుకుని బస్సెక్కాను. ఆదిలాబాద్ ఇంకో గంట దూరం ఉందనగా ఇచ్చోడలో చాయ్‌కి ఆపేసరికి నా చేతిమీద పన్నెండుంబావు. హోటలాయన "టైమెంతయింది తమ్మీ?" అంటే అదే చెప్పాను. ఆయన ఎండ వైపు చూసి, "గప్పుడేనా? పొద్దటి పాలే అయిపోలే" అన్నాడు. ఇంకొకరిని అడగొచ్చు. కానీ చేతికి గడియారం పెట్టుకున్నవాడు టైం అడగడమా? ఆలస్యంగా పోయి మాట పడేకంటే నయమని, ఎదురొచ్చిన కరీంనగర్ బస్సెక్కేశాను. దిగేసరికి బస్టాండు గోడ గడియారంలో మూడున్నర. నా దాంట్లో ఏడు కావస్తోంది.

మర్నాడు గడియారాలు బాగుచేసే చాచా కంటికి భూతద్దం తగిలించుకుని, "గిది గడియారమా, మగ్గమా?" అన్నాడు. "పాత నూనె ఎండి జిగట పట్టింది బేటా, గందుకే ఎనకబడ్డది. అంతా కడిగి, ఇరుసుల కాడ సూది మొనంత నూనె పెట్టాలె. నువ్వు పోసింది గీ వెంట్రుకంత స్ప్రింగుకు తగిలి చుట్లు అంటుకున్నయ్. గట్లయితే దౌడు తీస్తది." అందరికంటే ఎక్కువ నవ్వింది నా పక్కన కూర్చున్న బావ. "ఎవడన్న గడియారంల నూనె పోస్తడా?" అన్నాడు కూడా.

గుమాస్తా పని ఇంకెవరికో పోయింది. నేను మళ్లీ మగ్గం దగ్గరికే పోయాను. గడియారం మాత్రం మూడేళ్లకోసారి కడిగించుకుంటూ ఇప్పటికీ సరిగ్గానే నడుస్తోంది. నడినెత్తికి రాని సూర్యుణ్ణి కాదని ముల్లును నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు నాది, బావది కాదు.

బావా, ఈ మాట ఎత్తితే చెవులు వినబడవంటున్నావు. (చాయ్ అంటే వినబడుతుంది.) కళ్లు బాగానే ఉన్నాయి కదా, చదువు. ఆ రోజు నూనె పొయ్యమన్నది నువ్వా, కాదా? జవాబు చెప్పు.