బొంతకు తగ్గ మిషను

నా తెలివితక్కువతనాన్ని ఇతరులు చెప్పేలోగా నేనే చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. కుట్టు మిషను ఎంచి పెట్టడంలో రాజమహేంద్రవరంలో నన్ను మించినవాడు లేడని చాలాకాలం నమ్మాను. ఊరూ నమ్మింది. ఎందుకంటే అప్పట్లో ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. పందెంలో ఒకే ఎద్దు దిగితే మొదటి బహుమానం దానిదే కదా.

ఈ సంగతి జరిగింది 1898లో. గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులు. మన లెక్కలో విళంబి నామ సంవత్సరం. పేరుకు తగ్గట్టే ఆ ఏడు అన్నీ విలంబమే. మద్రాసు నుంచి రావలసిన సూదులు విలంబం, సరుకు పడవలు విలంబం, నా బుద్ధి వాటన్నిటికంటే విలంబం.

కోటగుమ్మం దగ్గర చిన్న కొట్టు నాది. ముందు సగంలో బట్టలు కుట్టేవాణ్ణి, వెనక సగంలో మిషన్లు అమ్మేవాణ్ణి. మా ఊళ్ళో మిషను అంటే రెండు. దొరలు బడి నడిపే మిషను ఒకటి, నా కొట్లో టకటకలాడేది ఒకటి. ఎవరైనా "మిషనుకు వెళ్ళొచ్చానండి" అంటే, ప్రార్థనకా, పంచె అంచు కుట్టించడానికా అని అడగవలసి వచ్చేది. రెంటికీ మోకాళ్ళ నొప్పి మాత్రం తప్పదు.

ఈ వృత్తి తెలియనివారి కోసం రెండు ముక్కలు. కుట్టు మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. హ్యాండ్ మిషనుకు కుడి పక్కన చక్రం, దానికి పిడి ఉంటాయి. కుడి చేత్తో పిడి తిప్పుతూ, ఎడమ చేత్తో గుడ్డను నడపాలి. ట్రెడిల్ మిషనుకు కింద ఇనుప పలక ఉంటుంది. కాళ్ళతో దాన్ని తొక్కుతుంటే ఒక పట్టీ పైనున్న చక్రాన్ని తిప్పుతుంది, రెండు చేతులూ గుడ్డకే మిగులుతాయి. జేబురుమాలు అంచు మడవడానికి హ్యాండ్ మిషను చాలు. బొంతకు చాలదు. పాత చీరల ముక్కలను అంచుకు అంచు చేర్చి అతకడాన్ని పీసింగ్ అంటారు. అందులో ఒక ముక్క సాగుతుంది, పక్క ముక్క ముడుచుకుంటుంది. అత్తాకోడళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టినట్టు రెండిటినీ రెండు చేతులా బుజ్జగించాలి. ఎంబ్రాయిడరీ అంతకంటే పెంకిది. గుడ్డను అదిమిపట్టే ప్రెస్సర్ ఫుట్ ఊడదీసి, కిందనుంచి గుడ్డను లాగే పళ్ళను రేకుతో కప్పి, గుడ్డను చట్రంలో బిగించి, రెండు చేతులా సూది కింద తిప్పాలి. కలం కదలకుండా నిలబడి, కాగితమే తిరిగి అక్షరం రాయించుకున్నట్టు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ చేసిన పని గనకే తెలివితక్కువతనం అంటున్నాను. తెలియక చేసినదానికి ఇంతకంటే గౌరవమైన పేర్లున్నాయి.

ఒక మధ్యాహ్నం సోమరాజుగారు కొట్లోకి వచ్చారు. ఆయనది పెనుగొండ దగ్గర పల్లె. మాగాణీ, మాటా, వ్యాజ్యాలూ మూడూ పుష్కలంగా ఉన్న మనిషి.

"ఏమోయ్, మిషను కావాలి. మా చెల్లెలికి. బొంతలు కుడుతుంది, వాటి మీద పువ్వులూ అవీ కుడుతుంది."

"చిత్తం. అయితే తమరు ఈ ట్రెడిల్ మిషను చూడాలండి" అని కూర్చుని తొక్కి చూపించాను.

ఆయన రెండడుగులు వెనక్కు వేశారు. "కాళ్ళతోనా? దసరాకు పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టే వస్తువును మా ఇంటి ఆడపడుచు కాళ్ళతో తొక్కుతుందా? పైగా కూర్చుని కాళ్ళాడిస్తే ఇంటికి దరిద్రం. మీ అమ్మ చెప్పలేదూ?"

మా అమ్మ చెప్పింది. నేను వినకుండా దర్జీనయ్యాను. దరిద్రం సంగతి ఆవిడ అన్నట్టే జరిగింది కూడా.

అప్పుడైనా బొంత సంగతి ఆయనకు వివరించవలసింది. కాని పొద్దుట్నుంచి కొనేవాళ్ళకు కాక, చూసిపోయేవాళ్ళకు తొక్కి తొక్కి నా పిక్కలు పీకుతున్నాయి. అలిసినవాడికి ఎదుటివాడి మాటే వేదం. హ్యాండ్ మిషను తీసి, అరచేతి వెడల్పు గుడ్డపీలిక మీద నాలుగు వరసలు కుట్టి చూపించాను. ఆయన తల ఊపారు. ఆ పైన నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "దీని మీద నగిషీ బంగారు తీగదా, మామిడి పిందెలదా, ఏది ఇమ్మంటారండి?"

"తీగ" అన్నారాయన. తీగ లాగితే డొంకంతా కదులుతుందని అప్పుడు నాకు తట్టలేదు.

కొన్నాళ్ళకు కబురు వచ్చింది. మిషను పనిచెయ్యడం లేదు, వచ్చి చూడమని. గోదావరి దాటి, కాలవ పడవెక్కి, పడవలో కొబ్బరికాయల బస్తాల మీద నడుము వాల్చి, ఎండలో ఉడికి వాళ్ళ ఊరు చేరాను. మండువాలో ఉయ్యాలబల్ల మీద సోమరాజుగారు కూర్చుని ఉన్నారు. లోపలి గుమ్మానికి తెర. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకు ఘోషా గనక, పరాయి మగవాడి ఎదుటికి రారు. తెర పక్కనుంచి దాసీ మిషను తెచ్చి నా ముందు పెట్టింది. తిప్పి చూశాను. వెన్నలా తిరుగుతోంది.

"మిషను బాగానే ఉందండి" అన్నాను.

"మిషను బాగానే ఉంది నాయనా. బాగులేనిది నా మణికట్టు" అని తెర వెనకనుంచి మాట వచ్చింది. ఆవిడే సుభద్రయ్యమ్మగారు, సోమరాజుగారి చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోతే అన్నగారింటికి వచ్చేశారు. "పోయిన వానాకాలం వడ్లకొట్టు మెట్ల మీద జారాను. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. గుడ్డ మీద ఆనించడానికి పనికొస్తుంది, సూది పట్టడానికి రాదు. అందుకే గదా నేను దాచుకున్న సొమ్మిచ్చి మిషను తెమ్మన్నది. ఈ పిడి తిప్పడానికి మళ్ళీ ఆ చెయ్యే కావాలంటే నేనేం చెయ్యను?"

నేను సోమరాజుగారి వైపు చూశాను. "ఈ సంగతి తమరు సెలవివ్వలేదండి."

"నువ్వడగలేదుగా."

నిజమే. నేనడిగింది తీగా, పిందెలా అని.

"చుట్టుపట్ల ఏ ఇంట పురుడొచ్చినా పాత చీరలు మూటగట్టి నాకే పంపుతారు" అన్నారావిడ. "పసిబిడ్డను పడుకోబెట్టేది నా బొంత మీదే. బొంతలు కుట్టే చెల్లెలుంటే ఇంటికి పేరు. కుట్టలేని చెల్లెలు తునికి. అక్కడ మా పెదనాన్నగారి అబ్బాయింట పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడానికి మనిషి కావాలట."

"నేనేం పొమ్మనలేదే!" అన్నారు సోమరాజుగారు.

"పొమ్మనలేదన్నయ్యా. ఎప్పుడు బయల్దేరతావన్నావు."

సోమరాజుగారు ఉయ్యాల ఇంకాస్త జోరుగా ఊపుకున్నారు. నాకు పడవ ఎక్కి వెళ్ళిపోవాలనిపించింది. కాని నేను ఎంచి ఇచ్చిన మిషనే ఈవిణ్ణి తుని దారి పట్టిస్తోంది. గంతకు తగ్గ బొంత అంటారు. నేను బొంతకు తగని గంతను అంటగట్టాను. ధైర్యం తెచ్చుకుని, ఆవిడకు కావలసింది ట్రెడిల్ అనీ, ఇదే మిషనును పిడి తీసేసి ట్రెడిల్ బల్లలో దించవచ్చనీ చెప్పాను. కుడి చెయ్యి ఊరికే గుడ్డ మీద ఆనితే చాలుననీ చెప్పాను.

"కాళ్ళ సంగతి అప్పుడే చెప్పాను" అన్నారు సోమరాజుగారు.

"తమరు కట్టుకున్న పంచె నేసిన సాలెవాడు మగ్గం గుంటలో కాళ్ళాడించే నేశాడండి."

"అది వాడి ఇల్లు. ఇది మా ఇల్లు."

వాదనలో నేనెప్పుడూ అంతే. సూది మొన లాంటి మాట అనుకుని వదులుతాను, అవతలివారు వ్రేలి తొడుగు పెట్టుకుని ఉంటారు.

తెర కొంచెం కదిలింది. "అన్నయ్యా, పొద్దు పొడిచింది మొదలు ఆ ఉయ్యాలబల్ల మీద కూర్చుని నువ్వాడించేవి ఏంటి? కాళ్ళు కావూ? మనింటికి ఇన్ని వ్యాజ్యాలు అందుకే వచ్చాయంటావా?"

దాసీ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. సోమరాజుగారు పాదం నేలకు తన్నిపెట్టి ఉయ్యాల ఆపేశారు. కాసేపు మీసం దువ్వుకున్నారు. కోర్టుల చుట్టూ తిరిగిన మనిషికి ఓడిపోవడం చేతకాదు గాని, రాజీపడడం బాగా వస్తుంది.

"ఏమోయ్, కాలు తగిలేది మిషనుకా, పలకకా?"

"పలకకేనండి. మిషను ఎక్కడో పైన ఉంటుంది. ఆ రెండిటికీ మధ్య తోలు పట్టీ ఒక్కటే సంబంధం."

"తోలా? ఏ తోలు?"

నా నోటిని కుట్టేయగల మిషను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. "తోలొద్దులెండి. నూలుతాడు పేనించి వేస్తాను" అన్నాను. అలాగే వేశాను. నూలుతాడు ముసురుపట్టినప్పుడల్లా బిగుసుకునేది, ఎండ కాసినప్పుడల్లా సాగేది. దాన్ని సవరించడానికి ఆ ఏడాది ఆ కాలవ మీద నేను చేసిన ప్రయాణాలు తల్చుకుంటే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది.

బల్ల వచ్చాక అసలు పని మొదలైంది. ఆవిడ తెరకు అవతల, నేను ఇవతల. మిషను కనిపించదు, మనిషి కనిపించరు. చప్పుడు వింటూ నేర్పాలి.

"వెనక్కు తిరిగిందమ్మగారూ. చక్రాన్ని ఎడమ చేత్తో ముందుకు ఒక్కసారి తోసి, అప్పుడు తొక్కండి."

"చూడకుండా ఎలా తెలిసిందయ్యా?"

"ముందుకు తిరిగితే టకటక. వెనక్కు తిరిగితే గొంతులో చేపముల్లు గుచ్చుకున్న చప్పుడండి."

లోపల నవ్వు. మళ్ళీ చేపముల్లు. దారం పుటుక్కున తెగింది. మళ్ళీ ఎక్కించారు. టెన్షన్, అంటే దారానికి ఇచ్చే బిగువు, ఎక్కువైంది. వదులు చెయ్యమన్నాను. మరీ వదిలేశారు. దాసీ చీరముక్క తెచ్చి చూపిస్తే అడుగున దారం నెమలిబొచ్చులా వేలాడుతోంది. పొద్దెక్కింది. నా గొంతు ఆరిపోయింది. సోమరాజుగారు ఉయ్యాల మీద గుర్రు పెడుతున్నారు. ఉన్నట్టుండి తెర వెనక చప్పుడు సమంగా వచ్చింది. ఆగలేదు. వాన వెలిశాక చూరునీళ్ళు రాలినట్టు, ఒకే తూకంలో. నేను ఇక చెప్పవలసింది లేదు. చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. అన్నేళ్ళ పనిలో నేను అలిసిపోకుండా విన్న మిషను అదొక్కటే.

నూలుతాడు బిగించడానికి మరోసారి వెళ్ళినప్పుడు తెర కిందనుంచి ఒక బొంత జరిపారు. పాత ఎర్రచీర, పసుపుచీర, వెలిసిన నీలంచీర ముక్కలు. ఎక్కడా ఒక్క ముడత లేదు. మధ్యలో చట్రం పెట్టి కుట్టిన బాతు, వెనకాల దాని పిల్లలు. పొలంగట్టున రోజూ చూసే బాతులే. ఒక పిల్ల మాత్రం వరస తప్పి పక్కకు పోతోంది.

"ఇది దారి తప్పిందేంటమ్మగారూ?"

"అది తునికి వెళ్తోంది" అన్నారావిడ. "నేను వెళ్ళడం లేదు గదా, నా బదులు."

తరవాత ఆ ఇంట ఎవరూ తుని మాట ఎత్తలేదు. పాత చీరల మూటలు మాత్రం మండువా నిండా చేరాయి.

నేను నేర్చుకున్నది ఇది. మిషను కొనేది ఎవరైనా, ఎంచవలసింది కుట్టే మనిషి. ఆ మనిషి కొట్టుకు రాలేకపోతే మిషనే ఆ గుమ్మానికి వెళ్ళాలి. గుడ్డపీలిక మీద కుట్టి చూపిస్తే ఏ మిషనైనా మంచిదే. కుట్టబోయే బొంతనే చుట్టి మిషను మెడ కింద, సూదికీ చక్రానికీ మధ్యనున్న సందులో, దూర్చి చూడాలి. చేతులెలా ఉన్నాయని ముందు అడగాలి, నగిషీ తరవాత. ఇంత చిన్న పాఠానికి నాకు ఇన్ని పడవ ప్రయాణాలు పట్టాయి.

మరుసటి ఏడు వేసవిలో సోమరాజుగారు భీమవరం వైపునుంచి వచ్చిన తమ బావగారిని వెంటబెట్టుకుని మా కొట్టుకు వచ్చారు. బావగారింట్లోనూ మిషను కావాలట. ఆడవాళ్ళెవరూ రాలేదు, వాళ్ళకేం కావాలో ఎవరూ కనుక్కునీ రాలేదు.

"మా ఇంటి మిషను నేనే ఎంచాను బావగారూ" అంటున్నారు సోమరాజుగారు. "ఈ దర్జీ హ్యాండ్ మిషను అంటగట్టాడు. నేనే పట్టుబట్టి ట్రెడిల్ పెట్టించాను. లేవోయ్, నేను చూపిస్తాను."

నేను లేచాను. అంతకుముందే నూనె వెయ్యడానికి ఆ మిషను దారం కండె తీసి పక్కన పెట్టి ఉన్నాను. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

ఆయన రెండు గుడ్డముక్కలు కలిపి పెట్టి తొక్కారు. మిషను టకటకలాడింది. చివరిదాకా తీసుకెళ్ళి, ఎత్తి చూపించారు. "చూడండి బావగారూ, కుట్టు! కంటికి ఆనడం లేదు, అంత సన్నం!"

"చిత్తం. ఇంత సన్నం కుట్టు నా జన్మలో నేనూ కుట్టలేదండి" అన్నాను.

బావగారు చెయ్యి చాపి అందుకున్నారు. ఒక ముక్క చేతికి వచ్చింది, రెండోది కింద పడింది. ఆయన వంగి తీసుకుని, రెండు ముక్కలూ చెరో చేత్తో పట్టుకుని కాసేపు చూశారు. "కుట్టు సరే బావా, దారం ఏదీ?" అని నా వైపు తిరిగారు. "ఏమోయ్, ఈ మిషను మా ఇంటికి పంపించు. మా ఆవిడ తొక్కి చూశాక మాట్లాడుకుందాం."

సోమరాజుగారు దారం ఇలా ఇమ్మన్నారు, ఎక్కిస్తానన్నారు. కండె తెచ్చి ఎదురుగా పెట్టాను. చేతి సూదికి బెజ్జం పైన ఉంటుంది, మిషను సూదికి కింద మొన దగ్గర ఉంటుంది. ఆయన దారం తడిచేసి, కళ్ళు చికిలించి పైన వెతకడం మొదలుపెట్టారు. నేను చెయ్యి కడుక్కుని వెళ్ళి, తీరిగ్గా భోజనం చేసి వచ్చాను.